మూడో దెబ్బ

సుగుణమణి గది నాంపల్లి స్టేషన్ వెనక, మూడో అంతస్తులో ఉంది. స్టేషన్ మైకు చెప్పే ప్రతి బండి పేరూ ఆ గదిలోకి వినబడుతుంది. ఆ రోజు మధ్యాహ్నం కోదండరామయ్య తలుపు తట్టాడు.

"గీ మెట్లెక్కుడుకు నీకు పెన్షన్ వేరే ఇయ్యాలె వదినె."

"పంతులు సార్! తొవ్వ తప్పి వచ్చిన్రా?"

"తప్పే వచ్చిన. ఆబిడ్స్ దాంక పోయి, అడుక్కుంట ఎనకకొచ్చిన. నువ్వు గీడ ఎవ్వరికీ ఎర్కలేవు."

"నాకూ ఎవ్వరు ఎర్కలేరు. కూసోండి."

కోదండరామయ్య రాళ్లదొన బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఊరి స్టేషన్‌కు వందేళ్లు నిండుతున్నాయని దాని చరిత్ర రాస్తున్నాడు. సుగుణమణి భర్త ఎర్నెస్ట్ ఆ స్టేషన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. ఇప్పుడు లేడు.

అప్పట్లో అక్కడ గంట అంటే ప్లాట్‌ఫారం మీద వేలాడదీసిన రైలు పట్టా ముక్క. వెనక స్టేషన్ నుంచి బండి బయలుదేరిందని కబురు రాగానే పాయింట్స్‌మన్ దాన్ని ఇనపకడ్డీతో కొట్టేవాడు. చుట్టుపక్కల స్టేషన్లలో రెండే దెబ్బలు. రాళ్లదొనలో మూడు.

"మూడోది పశువుల కోసమని రాసిన," అన్నాడు కోదండరామయ్య. "గేటుకాడ మందను మళ్లియ్యాలెనని. ఊర్ల అందరు గదే అంటరు. ఎర్నెస్టన్నతోనే షురువైందట గద, నీకేమన్న చెప్పిండా? నువ్వు ఔ అంటే అచ్చుకిస్త."

సుగుణమణి లేచి స్టవ్ మీద చాయ్ పెట్టింది.

పెళ్లయి మెదక్ నుంచి వచ్చిన కొత్తలో ఆమె క్వార్టర్‌లో ఒంటరిగా ఉండలేక ఏడ్చింది. "రెండు బండికి, ఒకటి నీకు. ఇనబడ్డదంటే నేను గీడనే ఉన్నట్టు," అన్నాడు ఎర్నెస్ట్. రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, ఆగి, మూడోది మెల్లగా కొట్టేవాడు. ఈ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. ఇప్పుడు ఒక్కరికి తెలుసు. చెబితే పుస్తకంలోకి పోతుంది. చెప్పకపోతే పశువుల పాలవుతుంది.

"మేం వచ్చేసినంక గూడ మూడు కొట్టిన్రా సార్?"

"కొట్టకుంటే ఊరు ఊకుంటదా? ఎర్నెస్టన్న జాగల వచ్చిన రాజమల్లు రెండే కొడితే కొట్లాటకు పోయిన్రు. పట్టా ముక్క పీకేసేదాంక మూడే."

"మూడోది మెల్లగ కొడుతుండెనా?"

"మెల్లగెందుకు? మూడూ ఒక్కతీరే. పక్క ఊరిదాంక ఇనబడుతుండె."

ఆమె చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది.

"గట్లయితే మీరు రాసింది కరెక్టే సార్. పశువులకే."

"పక్కానా?"

"ఔ. అచ్చుకియ్యుండ్రి."

కోదండరామయ్య చాయ్ తాగి లేచాడు. "ఫంక్షన్‌కు రావాలె వదినె. శాలువ కప్పుతరు."

"జర నా మోకాళ్లను అడిగి చెప్త."

అతను నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. మైకు ఒక బండి పేరు చెప్పింది, ప్లాట్‌ఫారం నంబరు చెప్పింది, ఆగింది. ఆగినంతసేపూ సుగుణమణి ఖాళీ గ్లాసు పట్టుకుని, మూడోదాని కోసం చెవి పెట్టి నిలబడింది. మైకు ఇంకో బండి పేరు అందుకుంది.