వంతెన కాలికి ఇప్పనూనె

మలేరియా మందు మొదలుపెట్టినప్పటి నుంచి ఇంజనీరైన మా ఆయనకు చెవుల్లో ఒకటే హోరు. అయినా వంతెన పని చూడక తప్పలేదు. ఆ ఆదివారం ప్రార్థన ముగియగానే క్యారియర్ పట్టుకొని నేనే వాగు దగ్గరికి వెళ్ళాను. ఆయన వంతెన నీడలో, రాతి మీద దుప్పటి కప్పుకొని కూర్చున్నారు. చేతిలో రూపాయి బిళ్ళ.

"స్తుతీ, నువ్వు కొట్టి చూడు. నాకు అంతా ఒక్క తీరే వినిపిస్తుంది."

పోయినేడు వరదకు ఆ వంతెన మూడో కాలు బీటలిచ్చింది. అప్పటి నుంచి వాగు నిండితే మనిషిని కూడా దాటనివ్వడం లేదు. ఈ ఎండాకాలం ఆ కాలికి గాజు నారతో నేసిన గుడ్డను రెసిన్ అనే జిగురులో తడిపి రెండు పొరలుగా అంటించారు. ఎండితే ఇనుమంత గట్టిదట. అయితే సిమెంటుకు ఎక్కడా ఎడం లేకుండా అంటుకోవాలి. అంటిన చోట బిళ్ళతో కొడితే చప్పుడు గట్టిగా వస్తుంది, అంటని చోట డొల్లగా వస్తుంది. కుండను వేలితో కొట్టి చూడనిదే కొనని నాకు ఆ తేడా ఒకరు నేర్పనక్కర్లేదు. నేను బాగుందంటే ఆయన సంతకం పెడతారు. రేపటి నుంచి వంతెన తెరుస్తారు.

అవతలి గూడెం యశోద అప్పటికే వచ్చి నిలబడి ఉంది. పక్కన ఏడేళ్ళ కూతురు దుర్గ. ఆ పిల్లకు ఒంట్లో రక్తం నిలవని జబ్బు. ఇరవై రోజులకొకసారి భద్రాచలం దవాఖానాలో రక్తం ఎక్కించాలి. పెద్ద కూతురు గోరికీ అదే జబ్బు. పోయినేడు వాగు పదకొండు రోజులు దారి ఇవ్వలేదు. గోరి ప్రాణం తొమ్మిదో రోజు దాకే ఆగింది.

కింది నుంచి మొదలుపెట్టాను. అంతా గట్టిగానే ఉంది. వరద తగిలే వైపు, నా ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి చప్పుడు మారింది. మళ్ళీ కొట్టాను. పక్కన కొట్టాను.

"ఏందమ్మా, ఆగినవ్?" అంది యశోద.

"జర ఆగు చెల్లె, మేడం కుండ బేరం జేస్తుంది," అని మేస్త్రీ పగిడయ్య నవ్వాడు.

మా ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు. ఆయనకు ఆ తేడా వినపడదు. తక్కినవాళ్ళకు తెలియదు. దుర్గ తెల్లటి గోళ్ళతో తల్లి కొంగు పట్టుకొని ఉంది. అంత చిన్న మాట అంత సేపు నా నోట్లో ఎప్పుడూ ఉండలేదు.

"డొల్ల," అన్నాను. "తలుపంత ఉంది."

పగిడయ్య కత్తి పెట్టి కోశాడు. గుడ్డ అరటి తొక్కలా ఊడి వచ్చింది. లోపలి వైపు పచ్చగా, జిడ్డుగా ఉంది. ఇప్పనూనె వాసన గుప్పుమంది.

"ఏందయ్యా ఇది?" అన్నారు మా ఆయన.

పగిడయ్య నవ్వు పోయింది. "పసుపు, సారూ. గుడ్డ అంటించేనాడు పొద్దుగాల వచ్చేసరికే పూసి ఉండె. వాగు తల్లికి పెట్టిన పసుపు ఎట్ల తుడుస్త? దాని మీదనే రెసిన్ కొట్టిన."

"ముందటి రాత్రి నేనే పూసిన," అంది యశోద. "గోరిని తీసుకపోయినవ్, దీన్నన్న ఇడిసిపెట్టమని మొక్కిన. నూనెల కలిపి మంచిగ పట్టేటట్టు రుద్దిన."

అదే రాత్రి నేనూ మంచం పక్కన మోకరించి ఈ వంతెన గురించే అడిగాను. నా ప్రార్థనకు నూనె అక్కర్లేదు, అంతే తేడా.

"ఇప్పుడే కడుగుత సారూ! బూడిద పెట్టి తోముత!" అంది యశోద.

"లోపలికి ఇంకింది, కడిగితే పోదు. చెక్కాలె, ఎండాలె, కొత్త గుడ్డ రావాలె. పదిహేను రోజులు." ఆయన తలెత్తి పర్ణశాల దిక్కు చూశారు. అక్కడ అప్పటికే మబ్బు నల్లగా పట్టి ఉంది.

యశోద నా వైపు తిరిగింది. "మంచిగుందంటే నీ సొమ్మేం పోతుండె?"

"దుర్గ దాని మీద ఉన్నప్పుడే కూలితే?"

ఆమె నడుముకు చెక్కుకున్న కొడవలి తీసి కాలిని గీకడం మొదలుపెట్టింది. పచ్చటి పొడి కొంచెం రాలింది, అంతే. పగిడయ్య వద్దన్నా ఆపలేదు.

"దుర్గను నా దగ్గర ఉంచు," అన్నాను. "మా ఇల్లు ఇవతలి ఒడ్డునే. వానలు పోయేదాకా నేనే దవాఖానాకు తీసుకుపోతాను. నువ్వూ రా."

"మంచంల ఉన్న మొగన్ని నీ దేవుడు జూస్తడా?"

గీకుతూనే ఉంది. తొలి చినుకు ఆ పసుపు మీద పడి కిందికి జారింది. మా ఆయన వణుకుతూ లేచి, కోసిన గుడ్డ ముక్కను ఆ చోట అడ్డం పట్టారు.

యశోద వెనక్కి తిరగకుండానే అంది: "దవాఖానాల ఎడమ చెయ్యి సూపియ్యి. కుడి చేతిల నరం దొరకది. సూది గుచ్చేటప్పుడు అక్క పేరు ఎత్తకు, బెదురుతది."

నేను చెయ్యి చాచాను. దుర్గ పట్టుకోలేదు.

"అమ్మా, నువ్వెప్పుడొస్తవ్?" అని అడిగింది.

కొడవలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గీకింది.