గట్టిపొర

టక్.

ఇనుప చువ్వ జానెడు దిగి ఆగిపోయింది. మల్‌సూన్ మళ్లీ గుచ్చింది, బలమంతా పెట్టి. మళ్లీ టక్. మట్టి కింద ఉన్నదీ మట్టే... కానీ రాయిలా ఉంది.

ఆ రాయిని చేసింది ఆమె మామగారు చేగిల్.

అరవై ఏళ్లు దమ్ము తొక్కాడు. ఎద్దుతో, తర్వాత యంత్రంతో, ఎప్పుడూ ఒట్టి కాళ్లతో. చుక్క నీరు కిందికి జారకూడదని. వరికి నీళ్లు నిలవాలి మరి. నిలిచాయి. కొరియాలోని ఆ కిమ్‌జే మైదానంలో ఆయన మడి నీళ్లు పట్టినట్టు ఎవరి మడీ పట్టదని ఊరంతా ఒప్పుకునేది.

ఇప్పుడు వరిని అడిగేవాళ్లు తగ్గారు. భర్త పోయాక మల్‌సూన్ సోయా వేసింది.

నీళ్లు నిలిచాయి. వేళ్లు కుళ్లాయి.

నిరుడు మళ్లీ వేసింది. మళ్లీ కుళ్లాయి. ఈ ఏడూ పోతే పొలం ఎవరికో అప్పగించి, టౌన్లో హోటల్లో గిన్నెలు తోముకోవాలి.

తోమదు. చచ్చినా తోమదు.

వానలకు ఇంకా నెల ఉంది. నేల పొడిగా ఉంది. ట్రాక్టరు వెనక సబ్‌సాయిలర్ తగిలించింది — మోకాలి లోతుకు దిగే ఒకే ఒక్క ఇనుప కాలు. కింది గట్టిపొర ఒకసారి పగిలితే ఈ మడిలో ఇక నీళ్లు నిలవవు. వరి మాట మరిచిపోవాల్సిందే. ఆమెకు తెలుసు. మామగారికి ఇంకా బాగా తెలుసు.

ఇనుప కాలు దిగింది. ట్రాక్టరు మూలిగింది. లోపలెక్కడో నేల పెళ్లున విరిగింది.

మొదటి చాలు అయ్యేసరికి ముసలాయన గట్టు మీద ఉన్నాడు. బూట్లు విప్పాడు. ఎనభై ఆరేళ్ల పాదాలతో చాలులోకి దిగి, చీలికను తొక్కుకుంటూ నడిచాడు. మూసేస్తూ... ఒక్కో అడుగే.

"పక్కకు రండి మామయ్యా."

"నీ పని నువ్వు చేసుకో. నా పని నేను చేసుకుంటున్నా."

"సాయంత్రం దాకా తొక్కగలరా?"

"నువ్వు చీల్చగలవా?"

ఆమెకు కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది. జాలిని మింగేసి గేరు వేసింది.

రెండో చాలు. మూడో చాలు. ఆమె ముందు, ఆయన వెనక. ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.

ఏడో చాలు దగ్గర ఆయన ఆగాడు. గట్టు మీది చువ్వ తెచ్చి చీలికలో గుచ్చాడు.

టక్ అనలేదు.

చువ్వ దిగుతూనే ఉంది... పిడి దాకా. ఆయన పిడి పట్టుకుని చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

ఆమె ఎనిమిదో చాలు మొదలుపెట్టింది. ట్రాక్టరు అద్దంలో ఆయన చువ్వ పైకి లాగడం కనిపించింది. మడి మధ్యకు, ఇంకా చీల్చని నేల మీదకు నడిచాడు. అక్కడ గుచ్చి నిలబడి, ఆమె వైపు చూశాడు.

ఆ ముక్కను కాపాడుకుంటున్నాడో, ఇదీ చీల్చడానికి మిగిలిందని చూపిస్తున్నాడో...

మల్‌సూన్ ట్రాక్టరును సరిగ్గా అటే తిప్పింది.

ఆయన కదల్లేదు. చువ్వ ఎత్తి మళ్లీ గుచ్చాడు.

టక్.