ఎదురింటికి వెళ్లిన తాళాలు

ఆ వీధిలో ఎవరు ఊరెళ్లినా ఇంటి తాళంచెవి కుట్టక్క చేతిలో పెట్టి వెళ్లేవారు. పన్నెండేళ్లుగా అదే వరస. వీధి మొదట్లో ఇల్లు, ముందుగదిలో కుట్టుమిషను, దాని ఎదురుగా కిటికీ. వచ్చేపోయే వాళ్లెవరూ ఆమె కళ్లు దాటి పోయేవారు కాదు. "నువ్వున్నావనేగా అక్కా మా ధైర్యం" అని ఎవరైనా అంటే పైకి "ఊరుకోండి" అనేది గానీ, ఆ పూటంతా మిషను హుషారుగా తిరిగేది.

సొంత చెల్లెలు ఎదురింట్లో దిగిన ఆర్నెల్లకు ఆ వైభవం కాస్తా మంటగలిసింది.

చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. పక్క వీధిలో పట్టపగలు దొంగతనం జరిగేసరికి ఇంటింటికీ తిరిగి ఫోను నంబర్లు రాసుకుంది. గేట్లకు దీపాలు పెట్టించింది. ఆదివారాలు తన వరండాలో మీటింగు మొదలుపెట్టింది. "గుర్తింపు కార్డు చూడందే ఎవర్నీ లోపలికి రానివ్వకండి. పక్కింటివాళ్లు ఊళ్లో లేరని కొత్తవాళ్లకు చెప్పకండి" అని ఆమె చెబుతుంటే జనం నోళ్లు తెరుచుకుని వినేవారు. కిటికీలోంచి ఆ మాటలు కుట్టక్క చెవినా పడేవి. తాళాలు ఒక్కొక్కటే అటు మారాయి. చివరింటి మాస్టారు కూడా పెళ్లికి వెళ్తూ గుమ్మంలో నసిగాడు.

"ఏమీ అనుకోకమ్మా. మీ చెల్లెలైతే పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటోంది. అదీ..."

"అనుకోవడానికేముంది మాస్టారూ, అదీ నేనూ వేరా?"

ఆయన అటు వెళ్లగానే కుట్టు వంకరపోయింది. మొత్తం విప్పాల్సి వచ్చింది. చిన్నప్పుడూ అంతే. ఇల్లంతా తాను ఊడిస్తే, చివర్లో వచ్చి దిండ్లు సర్దిన చెల్లెలికే మెప్పు దక్కేది. మీటింగుకు రమ్మని చెల్లెలు నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ పనుందనేసింది.

బుధవారం మధ్యాహ్నం, చెల్లెలు డ్యూటీలో ఉండగా, భుజాన సంచీ వేసుకున్న ఒకడు కిటికీ దగ్గర ఆగాడు.

"నీళ్ల మీటర్లు చూడ్డానికొచ్చానమ్మా. ఈ వీధిలో ఏది కావాలన్నా మిమ్మల్నే అడగమన్నారు."

ఎన్నాళ్లకు విన్నదా మాట! ప్రాణం లేచొచ్చింది.

"చివరిల్లు తాళం వేసుంది. సాయంత్రం రమ్మంటారా?" అన్నాడు వాడు.

"సాయంత్రమేంటి నాయనా! ఇంటిల్లిపాదీ పెళ్లికెళ్లారు. ఆదివారం దాకా రారు."

వాడు దండం పెట్టి కదిలాడు. మధ్యలో ఒక్క గేటు దగ్గరా ఆగలేదు, ఒక్క మీటరూ చూడలేదు. తిన్నగా చివరికే నడిచాడు. కుట్టక్కకు అప్పుడు వెలిగింది. కార్డు అడగనే లేదు!

ఫోను చేతిలోకి తీసుకుంది. చెల్లెలికి చెబితే "చెప్పానా అక్కా" అంటుందేమో. ఆ ఒక్కమాటకే భయపడి పది నిమిషాలు ఉత్తి మిషను తిప్పింది. ఆ తర్వాత ఇక ఆగలేక ఫోను చేసి జరిగిందంతా చెప్పేసింది.

చెల్లెలు అలాంటి మాటేమీ అనలేదు. "నువ్వు బయటికెళ్లకు. గడియ పెట్టుకో. పోలీసులకూ వీధివాళ్లకూ నేను చేస్తా" అంది.

అయిదు నిమిషాల్లో గేట్లన్నీ తెరుచుకున్నాయి. ఆ సందడికి వాడు వెనక గోడ దూకి పారిపోయాడు. తాళం పగిలింది, బీరువా తెరిచి ఉంది, మాస్టారికి ఫోను చేసి చూస్తే వెండి గిన్నెలు రెండు పోయాయి. ఇంకాస్త ముందు తెలిస్తే దొరికిపోయేవాడని పోలీసాయన అన్నాడు.

"మొదట చూసిందెవరు?"

"మా అక్కేనండీ. తనే కనిపెట్టి ఫోను చేసింది" అంది అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన చెల్లెలు.

వీధంతా కుట్టక్కను ఆకాశానికెత్తేసింది. ఆ పొగడ్తలు వింటుంటే ఆమె ఒళ్లు మండిపోయింది. ఈ మెప్పు కూడా అది పడేసిన భిక్షే!

ఆదివారం మొదటిసారి మీటింగుకు వెళ్లి, అందరూ కూర్చున్నాక లేచి నిలబడింది.

"వాళ్లు ఊళ్లో లేరని వాడికి చెప్పింది నేనే. నన్ను పొగిడాడు, పొంగిపోయాను. తెలిశాక కూడా పది నిమిషాలు నోరు మూసుకున్నాను."

మాస్టారి ముఖం ఎర్రబడింది. "మా ఆవిడకు వాళ్లమ్మ ఇచ్చిన గిన్నెలమ్మా అవి" అని మాత్రం అని తల దించుకున్నాడు. మూల కూర్చున్న ముసలామె గొంతు సవరించుకుంది.

"నన్నూ మొన్న ఒకడు అలాగే అడిగాడు. నేనూ గడగడా చెప్పేశాను. సిగ్గేసి ఎవరితోనూ అన్లేదు."

ఇంకో ఇద్దరూ నోరు విప్పారు.

జనం వెళ్లాక చెల్లెలు దగ్గరికొచ్చింది. "నేనెవరికీ చెప్పేదాన్ని కాదు కదక్కా."

"తెలుసు. అందుకే చెప్పాను."

"నామీద ఇంకా కుళ్లేనా?"

"ఉంది. తగ్గితే చెబుతాలే" అంటూ కుట్టక్క కుర్చీలు ఎత్తసాగింది.