పంటి బిగువున

నేను ఒక టైటానియం మరమేకును. బియ్యపు గింజకన్నా కాస్త పొడుగు ఉంటాను. దవడ ఎముకలో నన్ను బిగించి, పైన పింగాణీ పన్ను తొడుగుతారు. నన్ను చెక్కిన కార్ఖానా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నా బతుకంతా పలాసలో జీడిపప్పు ఏరే నీలవేణి నోట్లోనే గడిచింది.

ఆమె కూతురు హైమకు చిన్నతనంలోనే కండరాలు సడలిపోయే జబ్బు పట్టుకుంది. ముందు నడక పోయింది, తర్వాత కూర్చునే ఓపిక పోయింది. దీనికి మందు లేదని పెద్ద డాక్టర్లు చెప్పేశారు. తండ్రి అప్పటికే లేడు. ఎదుగుతున్న పిల్లను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి పెరట్లోకి నీలవేణి ఒక్కతే మోసేది. ఎత్తినప్పుడల్లా పళ్ళు బిగించేది. ఒక ఉదయం అలా బిగించేసరికి కింది దవడ పన్ను నిలువునా చీలిపోయింది. ఆ ఖాళీలోకి నేను వచ్చాను.

పళ్ళ డాక్టరు ఉదయభాస్కర్ ఓపికగల మనిషి. అడకత్తెరలో కీలుకు దగ్గరగా పెట్టిన పోకచెక్క మీద ఎక్కువ బలం పడుతుందని, దవడ కీలుకు దగ్గరగా ఉండే వెనక పళ్ళదీ అదే పరిస్థితి అని ఆమెకు వివరించాడు. సొంత పంటికీ ఎముకకూ మధ్య సన్నని నార ఉంటుంది. బరువు పడితే అది కొంచెం ఒదుగుతుంది, మితిమీరితే మనిషికి తెలియజేస్తుంది. నాకు ఆ నార లేదు. నా మీద పడిందంతా నేరుగా ఎముకలోకే పోతుంది. నొప్పి లేకపోతే అంతా బాగున్నట్టే అనుకుంటారు మనుషులు. నీలవేణీ అలాగే అనుకుంది.

కొన్నేళ్ళకు ఎక్స్‌రే తీస్తే నా చుట్టూ ఎముక కరిగిపోయి కనిపించింది. రాత్రి పెట్టుకోమని ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగు ఆమె మానకుండా వాడుతూనే ఉంది. కానీ ఆమె బిగించేది పగలు. పళ్ళు బిగించడం మానకపోతే ఇది నిలవదని డాక్టరు చెప్పాడు.

"ఒగ్గేస్తే ఏడుపొచ్చెస్తాది బాబూ. దానెదర ఏడకూడదు కదేటి," అంది నీలవేణి.



హైమకు ఈ సంగతి తెలియదనుకుంది ఆమె. ఒకరోజు తనను ఎత్తబోతుంటే, తల్లి చెంప దగ్గరే ఉన్న ఆ పిల్ల మెల్లగా అంది:

"పళ్ళు నూరతన్నావు. నాకినిపిస్తాది. ఏడిస్తే ఏడువమ్మా, నానేటీ అనుకోను."

"జీడిపప్పు నములతన్నానమ్మా," అంది నీలవేణి. నోట్లో ఏమీ లేదు. నేనున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఆ వానాకాలం ఊపిరితిత్తులకు నెమ్ము చేసి హైమ పోయింది. మనసారా ఏడవమని ఆడవాళ్ళు నీలవేణిని పట్టుకుని కుదిపారు. దవడలు విడలేదు. కొన్నాళ్ళకు చెల్లెలు నోటికి అందించిన అన్నం ముద్దతో పాటు నేనూ కదిలాను. మెతుకుల బరువుకే కదిలాను.

డాక్టరు నన్ను పెద్దగా శ్రమపడకుండానే బయటికి తీశాడు. ఎముక పొడి నింపి, అది గట్టిపడ్డాక మరొకటి వేయొచ్చన్నాడు.

"ఇంక ఎవర్నెత్తాల బాబూ," అంది నీలవేణి.

రక్తపు దూదితో పాటు నన్ను ట్రేలో పెట్టారు. ఆమె చెప్పులు వేసుకుని గుమ్మం దాటుతుంటే చూశాను. చెంప కింద కండ ఇంకా బిగుసుకునే ఉంది. నా తర్వాత ఆ బరువంతా పక్కనున్న పన్ను మోయాలి. అది సొంత పన్ను, దానికి నొప్పి తెలుస్తుంది.