వార్డెనమ్మ రాసిన రెండేళ్లు

యూనివర్సిటీలో చదువుకునే క్రైస్తవ పిల్లలు వారానికోసారి కలుసుకుని, పాట పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకునే సహవాసం అది. దానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని చరిత్ర పుస్తకం వేయాలనుకున్నారు. రాసే పని రిటైరైన లెక్చరరుగారి నెత్తిన పడింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన చెయ్యి కదా, పుస్తకం కూడా వెనక బెంచీవాళ్లకి కునుకు పట్టేలాగే వచ్చింది. తప్పులు దిద్దమని ప్రూఫులు తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్కంటే ఆయన సొంత అక్కే, ఏడాది పెద్ద. అదే యూనివర్సిటీలో చదివి, అక్కడి లైబ్రరీలోనే పనిచేసి రిటైరైన మనిషి.

కామాలూ దీర్ఘాలూ సరిచేసుకుంటూ వచ్చి, ముప్పై ఒకటో పేజీలో ఎర్ర పెన్ను ఆపిందామె.

"ఆ తర్వాత రెండేళ్లు సహవాసం నిద్రాణ స్థితిలో ఉండెను."

"ఎవర్రా నిద్రపోయింది?" అంది.

"అది మామూలుగా వాడే మాటే అక్కా."

"మాట మామూలుదే. అబద్ధం మాత్రం చాలా ప్రత్యేకంగా ఉంది."

తమ్ముడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయన అద్దాలు భలే శుభ్రంగా ఉంటాయి.

సంగతేమిటంటే, ఆ ఏడు పెద్ద సమ్మె జరిగి, ఏ సంఘానికీ గదులు ఇవ్వబోమనీ, గుమిగూడితే చర్య తప్పదనీ యూనివర్సిటీ నోటీసు అంటించింది. సహవాసంలో మొదటినుంచీ ఒక పద్ధతుంది. కూడిక, అంటే వారవారం జరిగే ఆ సమావేశం, అవగానే రిజిస్టరు అందరి చేతులూ తిరగాలి, అందరూ సంతకం చేయాలి, చివర్న అధ్యక్షుడు చేయాలి. నోటీసు పడ్డ నాలుగో రోజున అధ్యక్షుడు కాస్తా అదృశ్యుడయ్యాడు. సహవాసం బీరువా తాళం ఆఫీసులో అప్పగించి, "కార్యక్రమాలు నిలిపివేస్తున్నాం" అని రాసిచ్చేశాడు. ఆ అధ్యక్షుడు ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుంటున్నవాడే.

"రిజిస్టర్లో ఆ రెండేళ్లూ తెల్ల పేజీలే. సంతకం లేకుండా కూడిక జరిగిందని ఎలా రాయను?"

"సంతకాలు పెడితే పేర్ల పట్టీ మేమే తయారుచేసి వార్డెన్‌కి ఇచ్చినట్టయ్యేది. అందుకే పెట్టలేదు. మా హాస్టల్ ఇస్త్రీ గదిలో స్త్రీలం కూర్చున్నాం, ప్రతి మంగళవారం. మీరు తీసివేత చేసి వెళ్లిపోయారు, మేం కూడిక చేశాం."

"పుస్తకం విడుదల చేసేది వైస్ చాన్సలరు గారు. ఆయన చేతిలో పెట్టి, మీవాళ్లు మమ్మల్ని తరిమారండీ అనమంటావా?"

"ఆయన అప్పటికి పలక పట్టుకునే వయసువాడు. ఆయనకేం పోయింది? గుచ్చుకుంటోంది నీకు."

తమ్ముడి మొహం మాడింది. "నీ నోటిమాట మీద చరిత్ర రాయలేనక్కా. కాగితం చూపించు, వేస్తాను. రేపు మధ్యాహ్నం అచ్చుకి వెళ్తోంది."

మర్నాడు పొద్దున్నే అక్క లైబ్రరీకి వెళ్లి స్టోర్‌రూమ్ తెరిపించింది. పాత హాస్టల్ పడగొట్టినప్పుడు వచ్చిన పుస్తకాలకు నంబర్లు వేసి సర్దింది తనే. వాటిలో వార్డెన్ శిక్షల పుస్తకం ఉందని ఇన్నేళ్లూ తెలుసు. మీరు నిద్రపోయారని ఎవరూ అనలేదు గనక తియ్యాల్సిన పని పడలేదు. ఇప్పటి లైబ్రేరియన్ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. సంతకం పెట్టించుకుని పుస్తకం ఇచ్చాడు.

తమ్ముడి బల్ల మీద దాన్ని తెరిచి, "చదువు. గట్టిగా," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మంగళవారం. ఇస్త్రీ గది. నలుగురు. లోపల గడియ. పాట వినబడినది. వారం రోజులు సాయంత్రం బయటికి వెళ్లరాదు." పేజీ తిప్పాడు. "మంగళవారం. అదే నలుగురు. పాట లేదు. పెదవులు కదులుచున్నవి."

"ఆ నేరానికి పేరేం పెట్టాలో తెలీక రెండు రోజులు తల పట్టుకుంది పాపం," అంది అక్క.

"మంగళవారం. ఏడుగురు. బట్టలు ఇస్త్రీ చేసుకొనుచున్నామనిరి. పెట్టె తాకి చూచితిని. చల్లగా ఉన్నది." ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "పెట్టె వెయ్యడం మర్చిపోయారా?"

"ప్రతిసారీ. లెక్కలు చదివే పిల్లకి ఆ పని అప్పగించాం. అది ప్రార్థనలో కళ్లు మూసుకుందంటే ఇక స్విచ్చు గుర్తుండేది కాదు."

ఇంకా చదివాడు. సెలవులు పోను వారం తప్పలేదు. ఏ కార్యదర్శీ రాయనంత శ్రద్ధగా వార్డెనమ్మ తేదీ, హాజరు, అన్నీ రాసిపెట్టింది. ఆఖరి మంగళవారం దగ్గర ఆయన గొంతు తగ్గింది. "పదునొకండుగురు. ఇకపై శిక్ష వ్రాయుట వృథా."

ఆ మరుసటి నెలే యూనివర్సిటీ నోటీసు ఎత్తేసింది. మళ్లీ గది కావాలని దరఖాస్తు పెట్టింది ఆ పదకొండుమందే. పుస్తకంలో మాత్రం "పెద్దల చొరవతో పునరుద్ధరణ" అని ఉంది.

"కాగితం అడిగావు. తెచ్చాను," అంది అక్క.

తమ్ముడు శిక్షల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఇది వేస్తే అప్పుడు ఆఫీసుకి రాసిచ్చిన ఉత్తరం సంగతీ రాయాలి. నా పేరుతో."

"రాయాలి."

"పిల్లలందరూ చదువుతారే."

"చదవాలనేగా వేస్తున్నాం. ఇవాళ వాళ్లకో నోటీసు అంటిస్తే ఏ పేజీ చూసుకోవాలిరా? నువ్వు పెట్టిన నిద్ర పేజీనా?"

ఆయన ప్రూఫు దగ్గరికి లాక్కున్నాడు. నిద్రాణ వాక్యాన్ని తనే కొట్టేశాడు. పక్కన తెల్లజాగాలో రాశాడు: "నోటీసుకు భయపడి అధ్యక్షుడు తాళం అప్పగించాడు. ఆ అధ్యక్షుణ్ణి నేనే. ఆడపిల్లలు అప్పగించలేదు." కింద పదకొండు పేర్లకు జాగా వదిలి పెన్ను అక్కకిచ్చాడు. ఆమె ఒక్కొక్క పేరే తలుచుకుంటూ నింపింది.

అంతలో ప్రెస్సువాడు ఫోను చేశాడు. ఇప్పుడు మార్పులంటే పేజీలన్నీ జరుగుతాయి, పుస్తకం పెరుగుతుంది, ఆ ఒక్కటీ వదిలేయకూడదా సార్ అన్నాడు.

తమ్ముడు అక్క వైపు చూడలేదు.

"జరగనివ్వండి," అన్నాడు ఫోనులో. "అది లేకుండా నేను అచ్చుకివ్వను."