ఎండకు తాళం

లిఫ్టు తలుపు మీద అంటించిన కాగితాన్ని ప్రేమకుమారి రెండుసార్లు చదివింది. మొదటిసారి తన గురించేనని అర్థం కాలేదు. రెండోసారికి అరచేతి కట్టు లోపల కాలిన చోట మళ్ళీ మంట మొదలైంది.

"303 ఫ్లాటు వారి అజాగ్రత్త వల్ల ఆదివారం నాడు అగ్నిప్రమాదం సంభవించినందున, ఇకపై అపార్ట్‌మెంటులో బట్టలు ఆరబెట్టు యంత్రములు వాడరాదు. 303 వారు తమ యంత్రమును వెంటనే తొలగించి, కమిటీకి క్షమాపణ పత్రం సమర్పించవలెను. ఇట్లు, సెక్రటరీ."

"అజాగ్రత్తంట!" అంది పైకే. పక్కన లిఫ్టు కోసం నిలబడ్డ కూరగాయల సంచీ ఆయన ఆమెను చూసి, కాగితాన్ని చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ప్రేమకుమారి నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త ఎలీషా ఆర్టీసీ డ్రైవరు, మాచర్ల రూటు. వినుకొండ రోడ్డు మీది ఈ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు కొనుక్కుని వచ్చిన కొత్తలో వాళ్ళ బట్టలు కూడా అందరి బట్టల్లాగే డాబా మీద ఆరేవి. పల్నాడు ఎండకు ఖాకీ ప్యాంటైనా గంటలో పెళపెళలాడేది. తర్వాత కొత్త కమిటీ వచ్చింది. పురుగుమందుల కొట్టున్న కోటేశ్వర్లు సెక్రటరీ అయ్యాడు. డాబా మీద నీళ్ళు దిగకుండా ఏదో పూత వేయించి, తొక్కితే పాడవుతుందని తాళం వేయించాడు. పోనీ బాల్కనీలో ఆరేద్దామంటే, రోడ్డు మీదికి లంగాలూ బనీన్లూ కనిపిస్తే బిల్డింగు పరువేం కానని దానికీ అడ్డం చెప్పాడు. రోజూ తెల్ల యూనిఫాం ఉతుక్కోవలసిన మనిషి ఏం చేస్తుంది? డ్రయ్యరు కొనుక్కుంది. ఆమెను చూసి ఎదురు ఫ్లాటు లీలావతి, ఇంకొందరూ కొనుక్కున్నారు.

డ్రయ్యరు వేడిగాలి బయటికి పోవాలి కదా. అందుకు కమిటీనే అడిగి, ఫ్లాట్ల మధ్య కింది నుంచి పైదాకా ఖాళీగా వదిలిన డక్టు వైపు గోడకు కన్నం కొట్టించి, వెండిరంగు గొట్టం బిగించి, బయట గాలికి తెరుచుకునే చిన్న రెక్క మూత పెట్టించుకున్నారు. అప్పుడు కోటేశ్వర్లే దగ్గరుండి ఎక్కడ కొట్టాలో చూపించాడు.

ఆ మిషను విషయంలో ప్రేమకుమారి ఎంత శుభ్రమో ఎలీషాకు బాగా తెలుసు. బట్టలు తీసిన ప్రతిసారీ ఫిల్టరు లాగి, దానికి పట్టిన బట్టల నూగంతా వేళ్ళతో దులిపేది. ఆసుపత్రిలో చేతులు కడుక్కున్నంత అలవాటుగా చేసేది. వేసవిలో ఒకసారి గొట్టం మొత్తం ఊడదీసి, పాత చీపురు దూర్చి శుభ్రం చేసింది కూడా. "కారు సర్వీసింగు కూడా ఇంత బాగా చెయ్యరే," అని ఎలీషా నవ్వేవాడు.

అలాంటి మిషను దసరా తర్వాత మొరాయించింది. గంటలో ఆరే బట్టలు మూడు గంటలైనా తడితడిగానే ఉండేవి. మిషను పెట్టిన యుటిలిటీ గోడలకు చెమట పట్టేది. సర్వీసు కుర్రాడు వచ్చి తలుపు తీసి లోపలికి టార్చి కొట్టి, "బట్టలు ఎక్కువ కుక్కుతున్నారు మేడం," అనేసి పోయాడు. మిషను వెనక ఏముందో కూడా చూడలేదు. ఆమె సగం బట్టలే వేయడం మొదలుపెట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అలాగే సగం వేసి, అన్నం వడ్డిస్తుంటే కమురు వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే మిషను వెనక నుంచి పొగ.

ఆమె అరవలేదు. ముందు మెయిను ఆపింది. ఎలీషా మిషనును ముందుకు లాగాడు. మండుతున్న గొట్టాన్ని ఆమె చేత్తోనే ఊడబీకి కింద పడేసి, బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. చేయి కాలింది. గోడ నల్లబడింది. అంతటితో పోయింది. పొగ వాసనకు వచ్చిన జనం లోపలికి తొంగిచూసి, "ఈ మిషన్లు ప్రమాదమమ్మా," అని వెళ్ళిపోయారు. ఇప్పుడేమో ఈ కాగితం.

"రెండు ముక్కలు రాసిచ్చేస్తే పోద్ది గదా ప్రేమా," అన్నాడు ఎలీషా, ఆమె ఇంట్లోకి వచ్చి చెప్పులు విసిరేసిన తీరు చూసి. "అందరితో ఉండాల్సినోళ్ళం. గొడవెందుకు?"

"ఏమని రాయమంటారు? నేను ఏం చేశానని?"

"ఏదో ఒకటి. జరిగిందానికి చింతిస్తన్నాం అని."

"చింతిస్తానే ఉన్నా. ఈ చేత్తో అన్నం తినలేక చింతిస్తన్నా. దానికి వాళ్ళకు పత్రం రాసివ్వాలా?" అని ఆమె యుటిలిటీలోకి వెళ్ళిపోయింది.

ఆమెకు ఒకటే అర్థం కావడం లేదు. వేసవిలో శుభ్రం చేసిన గొట్టం అప్పుడే ఎలా నిండింది? కాలగా మిగిలిన ముక్కను ఎత్తి చూసింది. పరుపులో దూదిలా నూగు దట్టంగా కూరుకుపోయి ఉంది. గోడ కన్నంలోకి ఎడమచేయి పెట్టింది. మోచేయి వరకూ వెళ్ళేది, మణికట్టు దాటగానే ఏదో గట్టిగా తగిలింది. అట్లకాడ తెచ్చి పొడిచింది. టక్కుమంది.

"ఇటు రండి," అని భర్తను పిలిచింది. "మూత రెక్క ఇట్టా మోగదు. ఇది సిమెంటు."

ఇద్దరూ లీలావతి ఫ్లాటుకు వెళ్ళారు. ఆమె వంటింటి కిటికీ డక్టులోకే ఉంటుంది. అక్కడి నుంచి వంగి చూస్తే ప్రేమకుమారి వాళ్ళ గోడ కనిపిస్తుంది. గోడ నున్నగా, మీగడ రంగులో మెరిసిపోతోంది. మూత లేదు. దాని పైన నాలుగో అంతస్తులో లేదు, ఐదో అంతస్తులో లేదు. లీలావతి వాళ్ళదీ లేదు.

"అయ్యో, దసరాకి రంగులేసినప్పుడు గదక్కా!" లీలావతి నోటి మీద చేయి పెట్టుకుంది. "తాడు కట్టుకుని ఒకతను దిగాడు. ఏం చేస్తన్నావయ్యా అంటే, పావురాలు గూళ్ళు పెడతన్నాయంట, కన్నాలన్నీ మూసెయ్యమన్నారు సెక్రటరీ గారు అన్నాడు. ఏసీ పైపుల కన్నాలేమో అనుకున్నా నేను."

"నీ డ్రయ్యరు ఎట్టా ఉంది?"

"ఎక్కడక్కా? పొద్దున వేస్తే మధ్యాహ్నానికి కూడా ఆరట్లా. ఆయనేమో నాకు వాడటం చేతకాదంటాడు."

"ఇంక దాన్ని ఆన్ చేయబాక," అంది ప్రేమకుమారి. మాట కఠినంగా వచ్చింది గాని, ఆ కోపం లీలావతి మీద కాదు. ఈ నాలుగు నెలలూ సగం సగం బట్టలు వేస్తూ, తప్పు ఎక్కడుందా అని తనలోనే వెతుక్కుంది. ఎవరో గోడకు సిమెంటు కొట్టి, రంగు వేసి, ఇంటి వాళ్ళకు ఒక్క మాట చెప్పకుండా పోయారు. ఆ మూసినవాళ్ళకే ఇప్పుడు తను క్షమాపణ చెప్పాలట.

అటు నుంచి అటే కోటేశ్వర్లు కొట్టుకు వెళ్ళింది. ఆయన ఎవరో రైతుకు మిరప తోటకు మందు చెబుతున్నాడు. ఆమెను చూసి, "రండి సిస్టరు గారూ, పత్రం తెచ్చారా?" అన్నాడు.

"డక్టులో మా గొట్టాల కన్నాలు మూయించింది మీరేనా అన్నయ్య గారూ?"

కోటేశ్వర్లు మందు సీసా కింద పెట్టాడు. "పావురాల రెట్టతో డక్టంతా కంపు కొడతందని అందరూ గోల చేస్తేనేగా మూయించాం."

"వేడిగాలి పోయే దారది. మీరే దగ్గరుండి కొట్టించారు. మూసేటప్పుడు మాకు చెప్పాలా వద్దా?"

"పనోడికి కన్నాలు మూయమన్నాం. ఏ కన్నం దేనిదో వాడికేం తెలుసు?"

"వాడికి తెలవదు. మీకు తెలుసు గదా."

ఆయన ముఖం ఎర్రబడింది. "చూడమ్మా, మిషన్లు వాడటం రాకపోతే మానెయ్యాలి. అసలు మన ఊళ్ళో ఎండ లేదా? ఈ మిషన్లేంది, ఈ షోకులేంది? మా అమ్మ బతికినన్నాళ్ళూ దండెం మీదే ఆరేసింది."

"ఎండకు తాళం వేసింది మీరే గదండీ!" ఆమె గొంతు కొట్టు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. రైతు మందు సంగతి మరిచిపోయి ఆమె వైపు తిరిగాడు. "డాబాకి తాళం వేస్తిరి. బాల్కనీలో వద్దంటిరి. మిషను కొనుక్కుంటే దాని ముక్కు మూస్తిరి. అంటుకుంటే మా అజాగ్రత్త అంటిరి. ఇంక మేం బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో కూడా ఆ కాగితం మీదే రాయండి."

"ఆదివారం మీటింగులో మాట్లాడదాం," అన్నాడాయన సీసా అందుకుంటూ.

ఆ వారమంతా కాగితం లిఫ్టు మీదే ఉంది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన దాని ఫోటో కింద ఎవరెవరో బొటనవేళ్ళు పెట్టారు. మాటలు మాత్రం ఎవరూ రాయలేదు. నిన్నటిదాకా బీపీ చూపించుకోవడానికి తలుపు తట్టిన వాళ్ళు కూడా లిఫ్టులో ఫోను చూసుకుంటూ నిలబడ్డారు. ఎలీషా ఒక్కడే మారాడు. సిమెంటు శబ్దం చెవులారా విన్నాక అతను మళ్ళీ పత్రం ఊసు ఎత్తలేదు. "మీటింగుకు నేను సెలవు పెడతా," అన్నాడు.

ఆదివారం సాయంత్రం పార్కింగులో కుర్చీలు వేశారు. కోటేశ్వర్లు లేచి అగ్నిప్రమాదాల గురించి, అందరి ప్రాణాల గురించి చాలాసేపు మాట్లాడాడు. ప్రేమకుమారి నిండిన గొట్టం ముక్కను ప్లాస్టిక్ టబ్బులో పెట్టి తెచ్చింది. దాన్ని ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. కొందరు వంగి చూశారు. ఒకాయన, "ఇంత చెత్త పేరుకునే దాకా ఏం చేస్తన్నారమ్మా మీరు?" అన్నాడు.

"గాలి బయటికి పోతే నూగు కూడా కొట్టుకుపోద్ది. దారి లేకపోతే అక్కడే ఉండిపోద్ది. దాని మీద వేడి తగిలితే అంటుకోక ఏమవుద్ది?"

"అదంతా మీరు చెబుతున్న మాట," అన్నాడు కోటేశ్వర్లు. "మిగతా వాళ్ళ మిషన్లు బాగానే ఉన్నాయిగా? మీదొక్కటే ఎందుకు కాలింది?"

"మాదీ బాగాలేదు," అని లీలావతి లేచింది. ఆమె భర్త చేయి పట్టి కూర్చోబెట్టబోతే విదిలించుకుంది.

వెనక వరసలో కోటేశ్వర్లు కోడలు శిరీష నెలల బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. మామగారి ముందు నోరెత్తి ఎరగని పిల్ల. "మామయ్యా," అంది మెల్లగా. అందరూ తిరిగారు. "మన మిషను కూడా ఆరట్లా. నెల రోజుల నుంచీ వేడెక్కి మధ్యలో ఆగిపోతంది. బాబు పక్కగుడ్డలు మూడేసి సార్లు వేస్తన్నా. కమురు వాసన వస్తందని ఆయనకు చెబితే, కొత్త మిషను అట్టాగే ఉంటదన్నారు."

"మిషను ఎక్కడుంది శిరీషా?" అని అడిగింది ప్రేమకుమారి.

"ఉయ్యాల గది పక్కనే ఆంటీ."

ఇంకెవరూ మీటింగు కోసం ఆగలేదు. జనమంతా ఐదో అంతస్తులోని కోటేశ్వర్లు ఇంటికి ఎక్కారు. ఎలీషా, లీలావతి భర్త కలిసి మిషనును జరిపారు. ప్రేమకుమారి ఎడమచేత్తో గొట్టం బిగింపు వదులు చేసి లాగింది. నూగు గుప్పెళ్ళకు గుప్పెళ్ళు నేల మీద పడింది. మిషనుకు దగ్గరగా ఉన్న నూగు తెల్లగా లేదు. మాడిన రొట్టె అంచులా గోధుమరంగుకు తిరిగింది. గోడ కన్నంలో అట్లకాడ పొడిస్తే ఇక్కడా టక్కుమంది.

శిరీష బిడ్డను గట్టిగా హత్తుకుంది. కోటేశ్వర్లు ఆ మాడిన నూగునూ, పక్క గదిలో వేలాడుతున్న ఉయ్యాలనూ చూశాడు. తర్వాత గోడకు ఆనుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు చివరికి. "రేపు తాపీ మేస్త్రిని పిలిపించి తెరిపిస్తా. ఇంక మర్చిపోదాం."

"మర్చిపోటానికి కాలిన చెయ్యి మీదా?" అంది ప్రేమకుమారి. ఆయన ఇంట్లో ఉన్నామని కూడా ఆమె గొంతు తగ్గించలేదు. "వారం రోజులు లిఫ్టు మీద నన్ను దోషిని చేసి నిలబెట్టారు. ముందు ఆ కాగితం చించండి. దాని చోట ఎవరు మూయించారో రాసి పెట్టండి. డాబా తాళం రేపటి నుంచి అందరి చేతుల్లో ఉండాలి. పావురాలు రాకుండా బయట కదిలే మూతలే పెట్టాలి. జల్లెడ కూడా బిగించడానికి వీల్లేదు, నూగు దానికే పట్టుకుంటది."

"నిజమే గదా," అన్నారెవరో. అంతకుముందు చెత్త గురించి అడిగిన ఆయనే.

మర్నాడు పాత కాగితం పోయింది. కొత్త కాగితంలో "సాంకేతిక కారణముల వల్ల ప్రమాదం జరిగినది" అని ఉంది. ప్రేమకుమారి దాన్ని ఒలిచి పట్టుకెళ్ళి కోటేశ్వర్లు చేతిలో పెట్టింది. ఆయన విసుక్కుంటూనే మళ్ళీ రాశాడు: "డక్టు కన్నములు కమిటీయే మూయించినది. 303 వారి తప్పు లేదు." క్షమించమన్న మాట మాత్రం రాయలేదు. ఎంత చెప్పినా రాయలేదు. ఆ లోటు ఆమెకు ఇప్పటికీ ముల్లే. లిఫ్టులో ఆయన నమస్కారం పెడితే కట్టు ఉన్న చేయిని కొంగు కింద దాచుకుని, అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడుతుంది.

మేస్త్రి తాడు మీద దిగి కన్నాలన్నీ తెరిచాడు. కొత్త మూతలు వచ్చాయి, డాబా తాళం కూడా తెరుచుకుంది. శిరీష పిలిస్తే ప్రేమకుమారి ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చాక ఐదో అంతస్తుకు వెళ్ళింది. ఇద్దరూ కలిసి మిషను వెనక భాగమంతా శుభ్రం చేశారు. ఫిల్టరు ఎలా దులపాలో, గొట్టం నలగకుండా మిషను గోడకు ఎంత ఎడంగా ఉండాలో చూపించింది. మిషను నడుస్తుండగా ఇంట్లోంచి పోవద్దని, పడుకోవద్దని రెండుసార్లు చెప్పింది. చివరికి స్విచ్చి వేశారు.

"బయట మూత లేస్తందో లేదో చూడాలి," అంది ప్రేమకుమారి. హాల్లో కోటేశ్వర్లు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అటు తిరిగి, "సెక్రటరీ గారూ, మీరు వంటింటి కిటికీలోంచి వంగి చూసి చెప్పండి," అంది.

పేపరు కదల్లేదు.

"మిమ్మల్నే," అంది ప్రేమకుమారి ఇంకాస్త గట్టిగా.

పేపరు మడత పెట్టిన చప్పుడైంది. చెప్పుల అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి. కిటికీ తలుపు కిర్రుమంది. కాసేపటికి అక్కడి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"లేస్తందమ్మా. గాలి బానే వస్తంది."

"అట్టాగే చూస్తా ఉండండి," అంది ప్రేమకుమారి. "నేను చెప్పిందాకా కదలబాకండి."