అయ్యగారి దుబాసీ

బస్సు దిగగానే బుల్లి చేసిన మొదటి పని, రెండు చేతులూ జోడించి "వందనాలు అయ్యగారూ" అనడం. ఆ రెండు మాటలూ గొంతు వణక్కుండా పలకాలని దారి పొడుగునా లోలోపల సాధన చేసుకుంటూ వచ్చింది. అయ్యగారు నవ్వి, ఆమె చేతిలోని పెట్టె తానే అందుకున్నారు.

"దేవుడు సమయానికి పంపాడమ్మా నిన్ను. పద పద, ఈ చలికి బిగుసుకుపోతావు" అన్నారు.

జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది. గొంతు మాత్రం అదే. ఆ గొంతు చెవిన పడగానే బుల్లి వెన్ను చిన్నప్పటిలాగే జలదరించింది. ఆయన మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే వీలూ లేదు. ఆమెను పంపిన క్రైస్తవ మిషన్ కాగితాల మీద ఉన్నది బడిలో చేర్చినప్పుడు పెట్టిన పేరు. ఆయన ఎరిగినది ముక్కు తుడుచుకుంటూ గుడి మెట్ల మీద ఆడుకునే బుల్లిని. ఆ బుల్లి ఇంత దేశం దాటి, ఇంగ్లీషూ పనికిరాని ఈ ఊరికి, సువార్త చెప్పడానికి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆయన అప్పట్లో పాస్టరుగా ఉన్న ఆ గుడిలోనే బుల్లి వాళ్లమ్మ పనిమనిషి. ఊడవడం, బల్ల మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చెయ్యడం, ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం పోసే వెండి గిన్నె తోమి పెట్టడం ఆవిడ పనులు. మిగతా పొద్దంతా సంఘం ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఒక ఆదివారం గిన్నె కనిపించలేదు. అయ్యగారు ఆవిణ్ణి నలుగురి ముందూ నిలబెట్టి, దొంగ అని తేల్చి, వెలివేశారు. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డ బుల్లిని చూసి, "దాన్ని కూడా తీసుకుపో" అన్నారు. ఆ తర్వాత ఆవిడకు జాకెట్టు గుడ్డ ఇచ్చినవాళ్లు లేరు, పలకరించినవాళ్లు లేరు. బస్టాండు హోటల్లో అంట్లు తోముతూ, దగ్గుతూ దగ్గుతూ పోయింది. మట్టి చెయ్యడానికి వచ్చింది బుల్లి, పిన్ని, గుడి కావలివాడు. అంతే. మట్టి వేశాక కావలివాడు బుల్లిని పక్కకు పిలిచి, ఏడుస్తూ చెప్పాడు.

"గిన్నె ఆర్నెల్లకే దొరికిందమ్మా. పాత హార్మోనియం పెట్టె వెనక పడి ఉంది. అయ్యగారికి నేనే చూపించా. నోరు విప్పావంటే నీ ఉద్యోగం ఊడుద్దన్నారు."

అయ్యగారు అప్పటికే పేరు తెచ్చుకుని, ఈ దేశానికి మిషనరీగా వచ్చేశారు. బుల్లి బైబిలు నేర్పే వేదపాఠశాలలో చేరింది. చలికి భయపడి ఎవరూ కోరుకోని ఈ ఊరినే కోరుకుంది. ఇక్కడి భాషను పట్టుబట్టి రెండేళ్లు నేర్చుకుంది. ఎంత భక్తి, ఎంత దీక్ష అని పెద్దలందరూ మెచ్చుకున్నారు. రోజూ మోకాళ్ల మీద ఆమె అడిగేది ఒకటే: "ప్రభువా, ఆయన్ని నా చేతికి అప్పగించు." ఆ సంగతి పిన్ని ఒక్కదానికే తెలుసు. "వెళ్లు, వాడి మొహాన ఉమ్మేసి వచ్చెయ్. అక్కడే కాపురం పెట్టుకు కూర్చోకు" అని సాగనంపింది.

ఉమ్మెయ్యడం బుల్లికి చాలదు. ఆయన సంఘం ముందు, వాళ్ల భాషలో, వాళ్లకు బాగా తలకెక్కేలా చెప్పాలి. అందుకు ఆరు నెలలు పట్టినా ఫరవాలేదనుకుంది.

గది లాండ్రీ మీద ఇచ్చారు. కింద మెషీన్లు తిరుగుతుంటే పైన మంచం కూడా గడగడలాడేది. చెక్క నేల సందుల్లోంచి సబ్బు వాసన, ఆవిరి వచ్చేవి. అదొక్కటే ఆ గదిలో వెచ్చదనం. తలుపు లోపలికి లాగాలో బయటికి తొయ్యాలో తెలియక మొదటిరోజు అరగంట సేపు సొంత గదిలోనే ఖైదీ అయింది. కుళాయి తిప్పితే నీళ్ల బదులు దగ్గు వినిపించేది. వీధిలోకి వెళ్తే మంచు మీద కాళ్లు జారి, తన ఊళ్లో ఎవరైనా చూస్తే పరువు పోయేంత ఘనంగా పడింది.

ఇక భాష. రెండేళ్లు నేర్చుకున్నదంతా పాత గ్రంథాల భాష అని రొట్టెల దుకాణంలో తేలింది. "ఓ ఇంటి యజమానురాలా, ఒక రొట్టెను అనుగ్రహింపుము" అన్నట్టుగా అడిగిందట. దుకాణమంతా పడీపడీ నవ్వింది. కింద లాండ్రీ నడిపే ఆవిడ ఆ కథ విని నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా తాతమ్మ సమాధిలోంచి లేచొచ్చి మాట్లాడినట్టుంది పిల్లా! రా, ఇస్త్రీ చేస్తూ నేను నేర్పిస్తా. మేం తిట్టుకునే భాష, ఏడ్చే భాష."

లాండ్రీ ఆవిడ మొగుడు పోయిన మనిషి. మోచేతుల దాకా చేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. మాట కత్తిలా ఉన్నా మనసు మెత్తన. అయ్యగారి సంఘంలో ముందు వరసలో కూర్చునే మనిషి. బుల్లి దుప్పట్లు మడత పెడుతూ ఆవిడ దగ్గర మాటలు ఏరుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది:

"చెయ్యని తప్పు ఒకరి నెత్తిన రుద్దారనుకోండి. దాన్ని మీ మాటల్లో ఏమంటారు?"

ఆవిడ ఇస్త్రీ ఆపి, చెప్పింది. చెప్పాక, "ఎవరు రుద్దారు? ఎవరి నెత్తిన?" అంది.

"ఊరికే అడిగా."

"ఊరికే అడిగే మొహం కాదు ఇది" అని ఆవిడ మళ్లీ పనిలో పడింది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అయ్యగారి భార్య. అమ్మగారు మంచి మనిషి. రోజూ వచ్చి, "ఏం తల్లీ, తిన్నావా? కాళ్లు పగిలాయేమో చూడనీ" అనేది. తన ఉన్ని కంబళి తెచ్చి కప్పింది. ఆ ఇంటి కంబళి ఒంటి మీద వేసుకోనని బుల్లి దాన్ని మూలకు విసిరికొట్టింది. తెల్లారేసరికి పళ్లు టకటకలాడాయి. కక్ష వేరు, చలి వేరు అని తనకు తనే సర్దిచెప్పుకుని, తిట్టుకుంటూనే కప్పుకుంది.

అయ్యగారికి ఇన్నేళ్లయినా ఇక్కడి భాష పట్టుబడలేదు. "బాగున్నారా", "కూర్చోండి", "దేవుడు దీవించుగాక" దగ్గర ఆగిపోయారు. ఆయన తెలుగులో చెప్తే, మన వైపు కొన్నేళ్లు పనిచేసి తెలుగు నేర్చుకొచ్చిన ఇక్కడి బడిపంతులు ఒకాయన దుబాసీగా పక్కన నిలబడి వాళ్ల భాషలో చెప్పేవాడు. బుల్లి వచ్చిన కొన్ని వారాలకే ఆ పంతులికి గొంతుకు ఆపరేషన్ అయింది.

"నువ్వు చదువుకుని వచ్చావుగా. ఈ ఆదివారం నా పక్కన నువ్వే నిలబడమ్మా" అన్నారు అయ్యగారు. "భయపడకు. నేను చిన్న చిన్న ముక్కలుగా చెప్తాను. నువ్వు అందుకో."

"అందుకుంటానండి" అంది బుల్లి. ఆ రాత్రి ప్రార్థనలో అడగడానికి ఏమీ మిగల్లేదు ఆమెకు.

అయినా ఆ ఆదివారమే తేల్చెయ్యాలని ఆమె అనుకోలేదు. ముందు వాళ్ల నమ్మకం సంపాదించాలి, తర్వాత చూడొచ్చు అనుకుంది. ఒకప్పుడు గోదాముగా వాడిన పెద్ద హాల్లో బెంచీలన్నీ నిండాయి. సంఘపెద్ద వడ్రంగి. కొయ్యదుంగలాంటి మనిషి. తను చేసిన బెంచీ మీద తనే చివరన కూర్చున్నాడు. అయ్యగారు ఒక ముక్క చెప్పడం, బుల్లి ఒక ముక్క చెప్పడం. రెండుమూడు చోట్ల జనం నవ్వారు, మెచ్చుకోలుగానే. లాండ్రీ ఆవిడ తన శిష్యురాల్ని చూసి మురిసిపోతోంది.

ప్రసంగం క్రమశిక్షణ మీదికి మళ్లింది.

"నేను వయసులో ఉన్నప్పుడు," అన్నారు అయ్యగారు, "మా సంఘంలో ఒక స్త్రీ ప్రభువు బల్ల మీది గిన్నెనే దొంగిలించింది."

బుల్లి ఆ ముక్క అందుకోలేదు. ఆయన ఓరగా చూసి, "చెప్పమ్మా" అని గొంతు తగ్గించి అన్నారు.

తన అమ్మను ఆయన ఎప్పుడో మర్చిపోయి ఉంటారనుకుంది. మర్చిపోలేదు. దాచుకున్నారు. ప్రసంగాల్లో ఉదాహరణకు పనికొస్తుందని దాచుకున్నారు. ఇంకెన్ని ఊళ్లలో, ఎన్ని హాళ్లలో అమ్మ ఇలా దొంగగా నిలబడిందో! బుల్లి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. గ్రంథాల భాష వదిలేసి, ఇస్త్రీ బల్ల దగ్గర నేర్చుకున్న భాషలో మొదలుపెట్టింది.

"ఈయన చెప్తున్న ఆ ఆడమనిషి మా అమ్మ."

"ఆమె ఏడ్చింది. నేను కరగలేదు" అన్నారు అయ్యగారు.

"మా అమ్మ ఏ గిన్నే తియ్యలేదు. ఈయన చెయ్యని తప్పు ఆవిడ నెత్తిన రుద్దాడు. నేను పక్కనే ఉన్నా."

"దేవుని ఇంట్లో మొహమాటం కూడదు! సంఘంలోంచి తీసేశాను."

"గిన్నె ఆర్నెల్లకి దొరికింది. ఈయనకి తెలుసు. చూసినవాడి నోరు మూయించాడు. మా అమ్మ అంట్లు తోముకుంటూ చచ్చిపోయింది. దొంగగానే చచ్చిపోయింది."

"ఆనాటి నుంచి ఆ సంఘం ఎంతో బలపడింది! హల్లెలూయ!" అని అయ్యగారు చెయ్యి పైకెత్తారు.

ఒక్కరూ పలకలేదు. ఎత్తిన చెయ్యి దించాలో వద్దో తెలియక ఆయన జనం వైపు, బుల్లి వైపు చూశారు.

"ఏమమ్మా, మాటేమైనా తప్పు పడిందా?"

"లేదండి. ఇన్నాళ్లకి సరిగ్గా పడింది."

వడ్రంగి లేచి నిలబడ్డాడు. "ఆయన్ని అడుగు," అన్నాడు బుల్లితో. "గిన్నె దొరికిందా లేదా? ఆయన ఏం చెప్తే అదే చెప్పు. ఒక్క మాట అటూ ఇటూ చెయ్యకు."

బుల్లి ఆయన వైపు తిరిగింది. "గిన్నె దొరికిందా అని అడుగుతున్నారండీ. హార్మోనియం పెట్టె వెనక."

అయ్యగారు ఆమె ముక్కు, నుదురు, కళ్లు వెతికి వెతికి చూశారు.

"నువ్వు... బుల్లివా?"

"బుల్లినే. కూడా తీసుకుపొమ్మన్నారుగా, ఆ బుల్లిని."

"ఇంటికెళ్లి మాట్లాడుకుందామమ్మా. ఇక్కడ వద్దు. నీకు దణ్ణం పెడతాను."

బుల్లి జనం వైపు తిరిగి, ఆ మాటను ఉన్నదున్నట్టు వాళ్ల భాషలో చెప్పింది. దణ్ణంతో సహా. ఆ క్షణంలో ఆయన నోట్లో ఏ మాటైనా పెట్టగలదు. నేను దొంగని, హంతకుణ్ణి అని కూడా చెప్పించగలదు. ఆ అవసరమే లేదని తెలిసి ఆమెకు చెప్పలేనంత తృప్తి కలిగింది. ఆయన ఎంత గింజుకున్నా, ఆ మాట వాళ్లకు చేరాలంటే ఈమె నోట్లోంచే పోవాలి.

ముందు వరసలో అమ్మగారు లేచింది. ఆవిడకు ఆ భాష కాస్తోకూస్తో వచ్చు. "దొరికిందా, లేదా? చెప్పండి" అంది. ఆ గొంతు విని అయ్యగారు తల దించేసుకున్నారు.

"దొరికింది. చెప్తే నా మాటకి విలువ పోతుందని... చెప్పలేదు."

బుల్లి చెప్పింది. వడ్రంగి బుల్లి వైపు వేలు చూపించి అడిగాడు: "నువ్వు దేవుడి కోసం వచ్చావా, దీని కోసం వచ్చావా?"

"దీని కోసమే."

"అంటే మా హాలుని నీ పగకి వాడుకున్నావు."

"వాడుకున్నాను. ఆయన కూడా ఇలాంటి హాల్లోనే కదా మా అమ్మని నిలబెట్టింది?"

వడ్రంగి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. లాండ్రీ ఆవిడ మాత్రం, "ఇంకేం కావాలో అడుగు పిల్లా. ఇప్పుడే అడిగెయ్" అంది.

బుల్లికి ఏం కావాలో సిద్ధంగానే ఉంది. తనకు క్షమాపణ అక్కర్లేదు. సొంత ఊళ్లో, అమ్మను వెలివేసిన ఆ సంఘం వినేలా ఆయన ఒప్పుకోవాలి. అక్కడ సాయంకాలం ఆరాధన జరిగే వేళకి ఇక్కడ మధ్యాహ్నం. లాండ్రీలో బుట్టల మధ్య స్టూలు వేసి అయ్యగారిని కూర్చోబెట్టారు. లాండ్రీ ఆవిడ మెషీన్లు ఆపేసింది. అక్కడి కొత్త పాస్టరు ఫోను మైకు దగ్గర పెట్టాడు. అయ్యగారు అంతా చెప్పారు. గిన్నె సంగతి, కావలివాణ్ణి బెదిరించిన సంగతి.

అవతల ఎవరైనా ఏడుస్తారని, అయ్యో అంటారని బుల్లి ఎదురుచూసింది. కాసేపటికి ఒక ముసలావిడ గొంతు వినిపించింది.

"అది మాకు అప్పుడే తెలుసు కదండీ అయ్యగారూ. కావలివాడు తాగినప్పుడల్లా చెప్పేవాడు. ఇన్నేళ్లకి ఇప్పుడెందుకండీ ఆ గొడవ?"

బుల్లి ఫోను లాక్కుంది. ఆ గొంతు ఆమెకు తెలుసు. పాటలు ఎత్తుకునే అత్త. పండు చేతిలో పెట్టి బుగ్గ గిల్లిన అత్త.

"నేను బుల్లిని అత్తా."

"ఓరి నా తల్లీ! ఎక్కడున్నావే?"

"మా అమ్మ కుట్టుపని అడగడానికి మీ గుమ్మంలోకి వస్తే తలుపేసుకున్నావు. అప్పటికి తెలుసా నీకు?"

"అది కాదే, అయ్యగారి మాట కాదని..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు" అంది అత్త.

స్టూలు మీద అయ్యగారు తలెత్తి బుల్లిని చూశారు. ఆయన కళ్లలో కాస్త ఊరటలాంటిది కనిపించి, బుల్లికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ పగతో ఒక్క మనిషినే మోస్తూ తిరిగింది. మోయాల్సినవాళ్లు ఇంతమంది ఉన్నారని ఎవరూ చెప్పలేదు.

"మీరు లేవకండి. మీది అయిపోలేదు" అంది ఆయనతో. తర్వాత ఫోన్లో, "పక్కన ఎవరున్నారత్తా? వాళ్లకివ్వు" అంది.

ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగింది. కొందరు ఏడ్చారు, కొందరు బుకాయించారు, ఒకాయన లేచి వెళ్లిపోయాడట. క్షమించానని ఆమె ఎవరితోనూ అనలేదు. అనమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ నెలలోనే అయ్యగారు మూటాముల్లె సర్దుకున్నారు. అమ్మగారు ఆయనతో వెళ్లలేదు, తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. బుల్లిని వెనక్కి పిలుస్తూ మిషన్ నుంచి కబురొచ్చింది. "నేను రాను" అని జవాబు చెప్పి ఆమె లాండ్రీలో పనికి కుదిరింది. ఆదివారాలు ఆ హాలుకి వెళ్తుంది, వెనక బెంచీలో కూర్చుంటుంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటుంది. ఏం అడగాలో ఇంకా తోచడం లేదు.